ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క ప్రశ్న

‘‘ఫార్మాట్ కొట్టేయ్, సరిపోద్ది.’’

హాస్టల్ గదిలో, కాలేజీ ల్యాబులో, ఊళ్లో రిపేరు షాపు ముందు ఈ మాట వినని ఇంజినీరింగ్ విద్యార్థి ఉండడు. ల్యాప్‌టాప్ నెమ్మదించిందా? ఫార్మాట్. వైఫై రావట్లేదా? ఫార్మాట్. విండోస్, లినక్స్ పక్కపక్కన పెట్టుకున్నాక ఏదో ఒకటి లేవలేదా? ఇక చెప్పేదేముంది, ఫార్మాట్. నేనూ ఆ బాపతే. బీటెక్ రోజుల్లో మా బ్యాచ్‌లో ‘ఫార్మాట్ స్పెషలిస్టు’ అని నాకు పేరు. ఇప్పుడు టెక్ విషయాల మీద బ్లాగు రాసుకుంటున్నాను కాబట్టి ఊళ్లో నా మాటకు కాస్త విలువ కూడా వచ్చింది. ఆ విలువతో నేను చేసిన తప్పు ఒకటి మీకు చెప్పాలి. ఎందుకంటే అది నా ఒక్కడి తప్పు కాదనిపిస్తోంది.

పద్నాలుగు వేల ల్యాప్‌టాప్

మాది నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో, ఇందుకూరుపేట దాటాక ఓ పల్లె. ఇంటికో రొయ్యల గుంట ఉండే ఊరు. మా పిన్ని కూతురు బీటెక్ మూడో ఏడాది, కంప్యూటర్ సైన్స్. బాబాయి కౌలుకు తీసుకున్న మూడు గుంటల మీదే ఇల్లు నడవాలి. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. ఆ దెబ్బ రొయ్య మీద ఎలా పడిందో మా తీరంలో ఎవరినడిగినా చెబుతారు. ఆ సీజన్లో కొత్త ల్యాప్‌టాప్ మాట ఎత్తే ధైర్యం మా చెల్లెలికి లేదు. నాతో మాత్రం మెల్లగా అంది, ‘‘అన్నా, పాతదైనా చాలు.’’

సెప్టెంబరులో ఇద్దరం పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై పోయాం. రిచీ స్ట్రీట్‌లో ఓ చిన్న షాపులో, ఏదో కంపెనీ వాడి పక్కన పెట్టిన మెషీన్ దొరికింది. ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. పద్నాలుగు వేలు. షాపాయన దాచిపెట్టకుండానే చెప్పాడు: బ్యాటరీ అరగంట మించి రాదు, ఛార్జర్ పెట్టుకునే వాడుకోవాలని.

అంత తక్కువకు రావడానికి ఒక కారణం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. పేరు నమోదు చేసుకున్నవాళ్లకు భద్రత అప్‌డేట్లు మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామని అప్పట్లో ప్రకటించింది. విండోస్ 11కు పోదామంటే టీపీఎం 2.0 చిప్ కావాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్ ఉండాలి. దాంతో ఒంట్లో సత్తువ ఉన్న ఆరో తరం, ఏడో తరం మెషీన్లు చాలా సెకండ్ హ్యాండ్ బజారులోకి వస్తున్నాయి. మన జిల్లాలో ఎంతోమంది పిల్లల మొదటి కంప్యూటర్ ఇలాంటిదే అవుతుంది. వాటికి కొత్త ఊపిరి పోసేది లినక్స్.

అయితే విండోస్‌ను పూర్తిగా వదులుకునే వీలు లేదు. కెమెరా పెట్టి నిఘాతో నడిపే చాలా ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది. నేర్చుకోవాల్సింది మాత్రం లినక్స్ మీద. రేపు ఉద్యోగంలో చేరాక సర్వర్ అన్నా, క్లౌడ్ అన్నా ఎక్కువగా కనిపించేది అదే. జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ లినక్స్ కెర్నెలే. ‘విండోస్ లోపలే వర్చువల్ మెషీన్ పెట్టుకోవచ్చుగా’ అంటారు కొందరు. మంచి మెషీన్ ఉన్నవాళ్లకు అది సరైన సలహానే. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్‌కు ఒకేసారి రెండింటినీ మోయమంటే ఆయాసం వస్తుంది. అందుకే డ్యూయల్ బూట్: మెషీన్ ఆన్ చేసినప్పుడు ఏది కావాలో ఎంచుకోవడం. విండోస్ 10 పక్కన లినక్స్ మింట్ ఎక్కించి ఇచ్చాను. నెల రోజులు చక్కగా నడిచింది.

మూడు ఉదయాలు

అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటింది. అది దాటింది గోదావరి జిల్లాల వైపైనా మా వైపూ వానలు కురిశాయి, కరెంటు పోయింది. మర్నాడు కరెంటు వచ్చాక మా చెల్లెలు ల్యాప్‌టాప్ తెరిస్తే మెనూ వచ్చింది, మింట్ లేచింది. విండోస్ ఎంచుకుంటే మాత్రం నీలం తెర. బూట్ డివైజ్ అందడం లేదని ఓ ఎర్రర్.

బాబాయి ఫోను చేశాడు. ‘‘ఏంది అబ్బయ్యా, నువ్వు ఎక్కించిన దానివల్లే ఇది చెడిందంటుండారే?’’

ఊళ్లో అప్పటికే తీర్పు వచ్చేసింది: లినక్స్ వేశాడు, విండోస్ పోయింది. ఆదివారం వెళ్లి కూర్చున్నాను. స్టార్టప్ రిపేర్ నడిపాను. కమాండ్ ప్రాంప్ట్‌లో నాకు తెలిసిన మంత్రాలన్నీ చదివాను. గ్రబ్ మళ్లీ వేశాను. రెండు గంటలైనా ఫలితం లేదు. మా చెల్లెలు పక్కనుంచి ‘‘అన్నా, మొన్న నెట్ కలవక ముందు తేదీ కూడా తప్పు చూపించింది’’ అంది. ‘‘రెండు ఓఎస్‌లు ఉంటే గడియారం తేడా మామూలేలే’’ అని కొట్టిపారేశాను. ఆఖరికి అలవాటైన దారే పట్టాను. బయోస్‌లోకి వెళ్లి, డిస్క్ మోడ్ ‘రైడ్’ అని ఉంటే ‘ఏహెచ్‌సీఐ’గా మార్చి, విండోస్ పార్టిషన్ ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించాను. పనిచేసింది. చేతులు దులుపుకున్నాను.

సాయంత్రం టీ తాగుతుంటే అప్పుడడిగింది, ‘‘అన్నా, డెస్క్‌టాప్ మీద నా మినీ ప్రాజెక్ట్ ఫోల్డర్ ఉండింది కదా?’’

రెండు నెలల పని. పెన్‌డ్రైవ్‌లో లేదు, గిట్‌లో లేదు. మింట్ నుంచి ఆ పార్టిషన్ తెరిచి ఆ ఫోల్డర్‌ను కాపీ చేసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టేది. నేను అడగలేదు. ‘‘పర్లేదన్నా’’ అంది తను. ఆ మాటకంటే నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

నవంబరు మూడో వారంలో మళ్లీ అదే నీలం తెర. ఈసారి ఫార్మాట్ అనగానే ‘‘వద్దన్నా’’ అని ల్యాప్‌టాప్ తన వైపు లాక్కుంది. బయోస్ తెరిచి చూస్తే డిస్క్ మోడ్ మళ్లీ ‘రైడ్’లో ఉంది. ‘ఏహెచ్‌సీఐ’ చేసి సేవ్ చేయగానే విండోస్ మామూలుగా లేచింది. అప్పుడు గానీ నా బుర్రకు తట్టలేదు: మొదటిసారీ పనిచేసింది ఈ మార్పే. ఫార్మాట్ కాదు. నేను ఒకేసారి రెండు మార్చి, మెచ్చుకోవాల్సిన దాన్ని వదిలి రెండోదాన్ని మెచ్చుకున్నాను. ఆ ప్రాజెక్ట్ ఊరికే పోయింది.

అప్పుడైనా ఆగి ‘అసలు ఆ సెట్టింగ్ తనంతట తాను ఎందుకు మారింది?’ అని అడగాలి కదా. అడగలేదు. ఎవరో పొరపాటున నొక్కి ఉంటారనుకుని బస్సెక్కేశాను. తను మాత్రం ఆ తెరను ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంది.

మూడోసారి డిసెంబరు మొదటి వారంలో. ఆ రోజు పదింటికి తనకు ఓ ఇంటర్న్‌షిప్ పరీక్ష. విండోస్ లేకపోతే పరీక్ష లేదు. ఎనిమిదిన్నరకు ఫోన్ మోగగానే నా గుండె జారింది. తను మాత్రం నింపాదిగా మాట్లాడింది.

‘‘అన్నా, మళ్లీ పోయింది. ఫొటో చూసి మార్చుకున్నా, విండోస్ వచ్చేసింది. అది కాదు, ఒక సంగతి అడగాల. ల్యాప్‌టాప్‌లో మనకు కనపడేది కాక ఇంకో బ్యాటరీ ఏమన్నా ఉంటుందా?’’

గుంటల పుస్తకం చెప్పిన సంగతి

రొయ్యల సాగు తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అప్పుడు కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే పంట పంటంతా పోతుంది. అందుకే బాబాయి దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. మేత ఎంత వేశారు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, కరెంటు ఎప్పుడు పోయింది, జనరేటర్ ఎన్ని గంటలు నడిచింది, డీజిల్ ఎంత పట్టింది అన్నీ అందులో రాస్తాడు. జనరేటర్ గుంటల వరకే. ఇంటికి లేదు.

మా చెల్లెలు విండోస్ లేవని మూడు ఉదయాలనూ ఆ పుస్తకం పక్కన పెట్టి చూసింది. మూడింటికీ ముందు రాత్రి జనరేటర్ నాలుగు గంటలకు మించి నడిచింది. కరెంటు కాసేపే పోయిన రాత్రుల తర్వాత ఏ ఇబ్బందీ రాలేదు. ఇక మూడో ఉదయం బయోస్ తెరలో తేదీ చూస్తే, మెషీన్ తయారైన కాలం నాటి జనవరి 1.

సంగతి ఇదీ. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఒకటి ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆపేసి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపేది, చాలా మెషీన్లలో బయోస్ సెట్టింగులను గుర్తుపెట్టేది అదే. ఈ మెషీన్‌లో అది ఎప్పుడో చచ్చిపోయింది. ఛార్జర్ ఉన్నంతసేపూ, పెద్ద బ్యాటరీలో కాస్త ఊపిరి ఉన్నంతసేపూ ఆ లోటు బయటపడలేదు. రాత్రంతా కరెంటు పోతే ఆ అరగంట బ్యాటరీ కూడా ఖాళీ అవుతుంది. అప్పుడు బయోస్ అన్నీ మరిచిపోయి ఫ్యాక్టరీ సెట్టింగులకు పోతుంది. ఈ మెషీన్‌కు ఫ్యాక్టరీ సెట్టింగ్ ‘రైడ్’. ‘ఏహెచ్‌సీఐ’లో ఎక్కించిన విండోస్‌కు అకస్మాత్తుగా డిస్క్ దారి మారిపోయి నీలం తెర వస్తుంది. లినక్స్ మాత్రం ఆ ఎస్‌ఎస్‌డీని రెండు మోడ్‌లలోనూ గుర్తుపట్టి మామూలుగా లేస్తుంది. పైగా నెట్ కలవగానే తేదీ సరిచేసుకుంటుంది. అంటే ఉన్న ఒక్క ఆధారాన్నీ మన కళ్లు పడేలోపు తుడిచేస్తుంది. దొంగను వదిలేసి, ఇంట్లో మేలుకుని ఉన్నవాణ్ని పట్టుకున్నట్టు మేమంతా లినక్స్‌ను పట్టుకున్నాం.

తేదీ గురించి తను మొదటి రోజే చెప్పింది. నేను ‘మామూలే’ అన్నాను. నిజానికి మామూలు తేడా ఎలా ఉంటుందో నాకు తెలుసు. మెషీన్ గడియారంలో విండోస్ స్థానిక సమయం పెట్టుకుంటుంది, లినక్స్ అంతర్జాతీయ సమయం పెడుతుంది. మన దేశంలో ఆ తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే ఉదయం పదింటికి నాలుగున్నర చూపిస్తుంది. అంతేగానీ ఏళ్లకు ఏళ్లు వెనక్కి పోదు. ‘ఎంత తేడా?’ అని ఒక్క మాట అడిగి ఉంటే మొదటి రోజే దొరికిపోయేది.

ఆ ఆదివారం వెనక మూత విప్పాం. ప్లాస్టిక్ చుట్టి, రెండు వైర్లతో ఉన్న ఆ సెల్‌కు మల్టీమీటర్ పెడితే 3 వోల్టులు ఉండాల్సిన చోట ఒక్క వోల్టు కూడా లేదు. నెల్లూరులో నూటయాభైకి కొత్తది దొరికింది. ఆ తర్వాత ఎన్ని రాత్రులు కరెంటు పోయినా ఆ నీలం తెర మళ్లీ రాలేదు.

పరీక్షలో లేని పాఠం

ఆపరేటింగ్ సిస్టమ్స్ మనకు ఒక సబ్జెక్టు. ప్రాసెస్ షెడ్యూలింగ్, పేజ్ రీప్లేస్‌మెంట్ లెక్కలు అందరం చేశాం. మార్కులూ తెచ్చుకున్నాం. కానీ మెషీన్ ఆన్ చేసిన మొదటి క్షణాల్లో ఏం జరుగుతుందో, ఫర్మ్‌వేర్ నుంచి బూట్‌లోడర్‌కు, అక్కణ్నుంచి కెర్నెల్‌కు పని ఎలా చేతులు మారుతుందో కళ్లతో చూసినవాళ్లు మనలో ఎందరు? చెడిన మెషీన్ ముందు కూర్చుని ‘ఇందులో ఏది బాగానే ఉంది?’ అని ఒక్కో మెట్టూ తీసేస్తూ పోవడం మనకు ఎవరూ నేర్పలేదు. ల్యాబులో సిస్టమ్ మొరాయిస్తే పక్క సిస్టమ్‌కు మారమంటారు. ఇంట్లో అయితే ఫార్మాట్ అంటారు. రెండూ ఒకటే: కారణం తెలుసుకోకుండా దాటేయడం.

ఫార్మాట్‌ను ఎప్పుడూ చేయొద్దని నేననడం లేదు. వైరస్ పట్టి పీడించినప్పుడో, పాత యజమాని ఫైళ్లు ఉన్నప్పుడో అదే సరైన పని. పరీక్షకు గంట ముందు మెషీన్ చెడితే కారణాలు వెతుక్కుంటూ కూర్చోమనీ అనను. ఆ రోజు తను చేసిందీ అదే కదా. ముందు పని జరిగేలా చూసుకుంది. కానీ ప్రశ్నను వదిలేయలేదు. నేను రెండోసారి పని జరిగేలా చూసి, ప్రశ్నను వదిలేశాను. మా ఇద్దరికీ తేడా అక్కడే.

లినక్స్ పుట్టుకలోనే ఇలాంటి కథ ఒకటుంది. 1991లో హెల్సింకిలో లీనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి, వాయిదాల మీద కొనుక్కున్న పీసీలో మినిక్స్ అనే సిస్టమ్ పెట్టుకుని, దాని పక్కనే తన సొంత సిస్టమ్ రాసుకుంటున్నాడు. ఒకరోజు మోడెమ్‌కు పంపాల్సిన ఆదేశాలను పొరపాటున హార్డ్ డిస్క్‌కు పంపేశాడు. మినిక్స్ పార్టిషన్ పాడైపోయింది. మళ్లీ మినిక్స్ ఎక్కించుకుని ఊరుకోవచ్చు. అతను తన లినక్స్‌లో ఏమేం తక్కువున్నాయో చూసుకుని, దాంతోనే బతకాలని నిర్ణయించుకున్నాడు. చేయి జారడం ఎవరికైనా తప్పదు. ఆ తర్వాత ఏం చేస్తామన్నదే మన చేతిలో ఉంది.

కాలేజీలకు నాదొక విన్నపం. స్టోర్ రూముల్లో దుమ్ము పట్టిన పాత మెషీన్లను మొదటి ఏడాది పిల్లల ముందు పెట్టండి. మూత విప్పనివ్వండి, రెండు ఓఎస్‌లు ఎక్కించి చెడగొట్టుకోనివ్వండి. మార్కులు బాగుచేసినందుకు కాదు, ఎలా వెతికారో రాసినందుకు వేయండి. సపోర్ట్, టెస్టింగ్, క్లౌడ్ ఉద్యోగాల్లో రోజూ చేసే పని ఇదే.

కొనే ముందు, మార్చే ముందు

పాత ల్యాప్‌టాప్ కొనబోతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా అనుభవం నుంచి కొన్ని మాటలు. డబ్బు చేతిలో పెట్టక ముందే బయోస్ తెరిచి చూడండి. కంపెనీలు వాడిన మెషీన్లకు అక్కడ పాస్‌వర్డ్ ఉండొచ్చు. ఛార్జర్ తీసి, వీలైతే బ్యాటరీ కూడా తీసి, కాసేపు ఆగి మళ్లీ ఆన్ చేయండి. తేదీ వెనక్కి పోతే సెల్ మార్చాల్సిందే.

లినక్స్ ఎక్కించే ముందు బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. ఉంటే, బయోస్‌లో ఏదైనా మార్చగానే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. సెకండ్ హ్యాండ్ మెషీన్‌లో ఆ కీ పాత యజమాని ఖాతాలోనే ఉండిపోతే మీ ఫైళ్లకు మీరే పరాయివాళ్లవుతారు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, ఆ పార్టిషన్‌లోకి లినక్స్ నుంచి ఏదీ రాయలేరు. విండోస్ యూఈఎఫ్ఐ పద్ధతిలో ఉంటే లినక్స్‌నూ అదే పద్ధతిలో ఎక్కించండి. చెరో దారిలో ఉంటే మెనూలో ఒకదానికొకటి కనపడవు.

వీటన్నిటికంటే ముందు రెండు పనులు. ఫైళ్లు ఇంకో చోట దాచుకోండి. బయోస్ తెరలన్నీ ఫోన్లో ఫొటో తీసుకోండి. ఇక ఏదైనా చెడితే ఒక్కసారికి ఒక్కటే మార్చండి, ఏం మార్చారో తేదీతో సహా కాగితం మీద రాయండి. యాప్ అక్కర్లేదు. రెండు రూళ్ల నోటు పుస్తకం చాలు.

ఆ ఇంటర్న్‌షిప్ పరీక్ష ఏమైందని అడుగుతారేమో. రాలేదు. ‘‘ల్యాప్‌టాప్ తప్పేం లేదన్నా, రెండు లెక్కలు నాకు రాలేదు’’ అని తనే చెప్పింది. కొత్త సంవత్సరం నుంచి మళ్లీ మొదలుపెట్టింది. పోయిన మినీ ప్రాజెక్టును కూడా మొదటి లైను నుంచి తిరిగి రాస్తోంది. ఈసారి ప్రతి రాత్రీ గిట్‌లో పెడుతోంది.

బాబాయి గుంటల పుస్తకంలో ఇప్పుడు ఆఖరి పేజీలు తనవి. మేత, డీజిల్ లెక్కల తర్వాత ‘ల్యాప్‌టాప్’ అని శీర్షిక పెట్టి, కింద తేదీ, ఏం జరిగింది, ఏం మార్చాను అని మూడు గడులు గీసింది. మొన్న వెళ్లినప్పుడు చూశాను. మొదటి వరుసలో అక్టోబరు 29 ఎదురుగా రాసి ఉంది: ‘అన్న ఫార్మాట్ కొట్టాడు. కారణం తెలియలేదు.’